తూర్పు ద్వారం మీద ఎర్ర చుక్కలు

పక్కింటి వీరాంజనేయులు భార్య వాకింగ్‌లో వాసుదేవరావుతో అన్నదట. ఆవిడకు గుళ్ళో ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాళ్ళు తమ పేరు మాత్రం బయటపెట్టవద్దన్నారట. "ఆ ప్రణీత తెచ్చిన గుడ్డలే రంగు వదిలాయంటండీ. ఏ గరాజ్ సేల్‌లోనో ఏరుకొచ్చిన సరుకు. పైగా అందులో ఒకటి చచ్చిపోయినావిడ చీరంట. అట్లాంటివి దేవుడి పనిలో పెడితే బుద్ధుడైనా ఊరుకుంటాడా? నెత్తురు చుక్కలు పొడుచుకొచ్చాయంట!"

వాసుదేవరావు ఈ కబురును చికాగో పక్కనున్న అరోరా చలిగాలిలో మైలున్నర మోసుకొచ్చి, బూట్లైనా విప్పకుండా గుమ్మంలోనే దించాడు.

హైమ పెనం మీద దోసె పరుస్తూ తల తిప్పలేదు. "ఆవిడ చూసిందా?" అంది.

"చూళ్ళేదట. చూసినవాళ్ళు చెప్పారట."

"చూసినవాళ్ళం ముగ్గురమే. నేను, ఉష, ఆ పిల్ల. ఊళ్ళోకి ఎట్లా పోయింది మాట?"

వాసుదేవరావు పాతికేళ్ళు వంతెనలకు డిజైన్లు గీసి రిటైరైన ఇంజినీరు. ఏ ప్రశ్నకైనా లోడు ఎంతో చూసుకుని గాని జవాబు చెప్పడు. కాసేపు ఆలోచించి, "నేనైతే ఎవరికీ చెప్పలేదు," అన్నాడు. బూటు లేసు విప్పుతూ, "వీరాంజనేయులికి తప్ప," అని చేర్చాడు.

"ఏం చెప్పారు?"

"తూర్పు ముక్క మీద ఎర్ర మరకలు పడ్డాయని. అంతే."

"ప్రణీత పేరు చెప్పారా?"

"ఏ ముక్క ఎవరిదో నాకేం తెలుసు? నాకన్నీ బొంతలే."

హైమ దోసె తిరగేసింది. నిజమే, ఈయనకు తెలియదు. ఏ ముక్క ఎవరింటిదో తెలియాలంటే లిస్టు చూడాలి. లిస్టు ఉష దగ్గర ఉంది. ఆ ఆలోచన రాగానే, తప్పుడు వరసలో పడ్డ కుట్టును లాగేసినట్టు దాన్ని వెనక్కు లాగేసుకుంది. ఉషతో తనది ముప్పై ఒక్క ఏళ్ళ స్నేహం. తన కొడుకు సిద్ధార్థ్ పుట్టినప్పుడు మోకాలి లోతు మంచులో మిరియాల చారు ఫ్లాస్కులో పోసుకుని బస్సు మారి వచ్చిన మనిషి ఉష. అట్లాంటి మనిషి మీదికి అనుమానం పోనిస్తే కళ్ళు పోతాయి.

మొన్న బుధవారం దాకా అసలు ఈ ఎర్ర చుక్కల గొడవే లేదు.

ఏడాది కిందట ప్రణీతకు పుట్టిన ఆలోచన ఇది. అరోరా, నేపర్‌విల్ చుట్టుపక్కల ఇళ్ళనుంచి పాత చీరలు, పంచెలు, దుప్పట్లు అడిగి తెచ్చి, అన్నిటినీ కలిపి ఇరవై ఎనిమిది అడుగుల బౌద్ధ మండలం కుట్టాలని. నడుమ పద్మం, దాని చుట్టూ కోటలాగా చతురస్రం, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. మాడిసన్‌లో ఉండే టిబెటన్ పెద్దావిడ పెమా నమూనా గీసిచ్చింది. దక్షిణం పసుపు, పడమర ఎరుపు, ఉత్తరం ఆకుపచ్చ, తూర్పు తెలుపు అని రంగులు కూడా ఆవిడే చెప్పింది. బుద్ధపూర్ణిమ నాటికి నది పక్కనున్న ఆర్ట్ సెంటర్ గోడకు ఎక్కాలి. ఇక పది రోజులే.

సూది పెత్తనం హైమది. పల్నాటి పల్లెలో పుట్టి, బి.ఏ. చదివినా దబ్బనం వదలని చెయ్యి ఆమెది. బొంతకు అస్తరు వేయడం, మూల తిప్పడం, ముడి కనపడకుండా దాచడం ఆ చేతికి తెలిసినట్టు ఇక్కడెవరికీ తెలియదు. గుడ్డలు పోగుచేసి, ఇస్త్రీ చేసి, ఎవరి ముక్కకు వాళ్ళ పేరు చీటీ గుచ్చి దాచే బాధ్యత ఉషది. పని మొదలయ్యేదాకా గుడ్డలన్నీ ఆరు వారాలు నేపర్‌విల్‌లో ఉష వాళ్ళ బేస్‌మెంట్‌లోనే ఉన్నాయి.

పసుపు, ఎరుపు, ఆకుపచ్చ చీరలు కుప్పలు పడ్డాయి. తెలుపు దగ్గరే చిక్కొచ్చింది. తెల్లచీర ఇమ్మంటే ఏ తెలుగు ఇల్లాలైనా "అదేం కోరికమ్మా" అని మొహం చిట్లించింది. చివరకు ఉష తన తెల్ల వెంకటగిరి చీర ఇచ్చింది. హైమ ఒక మంగళగిరి ఇచ్చింది. ఉష పక్కింటి అమెరికనావిడ కేరొల్ ఒక తెల్లదుప్పటి ఇచ్చింది. దాని మీద వాళ్ళ కుక్క బిస్కట్ మూడేళ్ళు పడుకుందట. ఆ రోజు ఉష టేపు ముక్కతో కుక్క వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరుతూ, "పోనీలే పాపం, నోరులేని జీవం, దాని పుణ్యం దానికి," అని నవ్వితే అందరూ నవ్వారు.

అయినా తెలుపు చాలలేదు. అప్పుడు ప్రణీత తమవాళ్ళ ఇళ్ళనుంచి పదకొండు చీరలు తెచ్చింది. చికాగో చుట్టుపక్కల ఉండే ఆ కుటుంబాల వాళ్ళు బుద్ధపూర్ణిమకూ అంబేద్కర్ జయంతికీ తెల్లబట్టలు కట్టి కలుసుకుంటారు. వాళ్ళకు తెలుపు పండగ రంగు. ఆ పదకొండింటిలో ఒకటి ప్రణీత తల్లి సుగుణావతి టీచర్‌ది. తెల్లచీర, నీలం అంచు. ఆవిడ పోయి రెండేళ్ళు. ఆ ముక్క తూర్పు ద్వారానికి సరిగ్గా నడుమ, వాకిలి పలకలాగా కూచుంది.

మంగళవారం హైమ ఆ తూర్పు ద్వారం వరకూ ఇంటికి తెచ్చి, దుమ్ము పోవాలని బాత్‌టబ్‌లో వాషింగ్ సోడా వేసి నానబెట్టింది. గరాజ్‌లో ఆరేసింది. బుధవారం పొద్దున చూస్తే తెల్లటి గుడ్డ మీద ఎర్ర చుక్కలు. అన్నిటి మీదా కాదు. ప్రణీత తెచ్చిన పదకొండు ముక్కల మీదే.

ఉష, ప్రణీత వచ్చి చూశారు. ఉష అప్పటికప్పుడు మండలం కమిటీ ప్రెసిడెంట్ డాక్టర్ చక్రపాణికి ఫోన్ చేసింది. శనివారం, అంటే ఇవాళ, పదకొండు గంటలకు మీటింగ్. ఆ పదకొండు ముక్కలూ విప్పి తీసేసి కొత్త గుడ్డ వేయాలా వద్దా అన్నదే మాట. తీసేస్తే సుగుణావతి టీచర్ వాకిట్లోంచి లేచి వెళ్ళవలసిందే.

"ఏమేవ్!" బాత్‌రూమ్‌లోంచి కేక. "బుద్ధుడికి నా మీద కూడా కోపం వచ్చినట్టుందే!"

వాసుదేవరావు ఉతికిన బనీను పట్టుకుని వచ్చాడు. పొట్ట దగ్గర ఎర్రటి మచ్చ.

"ఏంటిది?"

"రాత్రి దోసకాయ పప్పు పడింది గదా. నువ్వు తిడతావని నేనే సబ్బు రాసి ఆరేశాను. సరిగా జాడించలేదేమో. నెత్తురు చుక్క పొడుచుకొచ్చింది."

హైమ స్టవ్ ఆపేసింది. బనీను లాక్కుని కిటికీ దగ్గరికి పోయింది. సొరుగులోంచి నిమ్మకాయ తీసి, కోసి, మచ్చ మీద రెండు చుక్కలు పిండింది. ఎరుపు చూస్తుండగానే వెనక్కి తగ్గి, పసుపుపచ్చగా మారి కూచుంది.

"నా బనీను మీద ప్రయోగాలేంటే?" అన్నాడు వాసుదేవరావు.

ఆమెకు వినపడలేదు. నలభై ఏళ్ళుగా పప్పు మరకలు ఉతుకుతున్న చెయ్యి. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని, పులుపు తగిలితే మళ్ళీ పచ్చబడుతుందని చంటిపిల్లనడిగినా చెబుతుంది. పెళ్ళికి పసుపులో సున్నం కలిపి పారాణి చేసే జాతి. అయినా మూడు రోజులుగా ఆ చుక్కలు చూస్తూ కూడా ఆ మాటే తట్టలేదు. ఎందుకు తడుతుంది? తెల్లచీరల మీద పసుపు ఉందని ఎవరనుకుంటారు?

సరే, పసుపే. ఎక్కడినుంచి వచ్చింది?

ఒక చీర మీదైతే వంటింటి మరక అనుకోవచ్చు. ఎనిమిది ఇళ్ళనుంచి వచ్చిన పదకొండు చీరలకూ ఒకేరకంగా పప్పు పడదు. పైగా పప్పు మరక బనీను మీద లాగా ముద్దగా ఉంటుంది. కొత్త బట్టకు పెట్టే పసుపుబొట్టు మూలన వేలి గుర్తంత ఉంటుంది. అవి అట్లా లేవు. చిన్నచిన్న చుక్కలు, ఒక్కో చుక్కకూ సన్నటి తోక, తోకలన్నీ ఒకే వైపు వాలి.

అట్లాంటి చుక్కల్ని ఆమె ఎరుగును. 

తన చిన్నతనంలో కోతలయ్యాక ఊరి బయటి పేటనుంచి ఆడవాళ్ళు గంపలతో ధాన్యం మోసి కొట్టు నింపి పోయేవాళ్ళు. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా నాయనమ్మ ఓపిక పట్టేది. తిరగ్గానే చెంబులో పసుపు కలిపి, మామిడాకు ముంచి, గడప మీద, గోడ మీద, గంపల మీద విదిలించేది. సున్నం గోడ మీద తోకలతో చుక్కలు పడేవి. ఎందుకు నాయనమ్మా అంటే, మంచిదే, అనేది. చెంబు పట్టుకుని వెంట తిరిగింది హైమే.

ఆమె ఇంకో నిమ్మకాయ తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.

మీటింగ్‌కు గంట ముందే, తాము మండలం కుట్టే చర్చి బేస్‌మెంట్ హాలు తలుపు తీసింది. రెండు పింగ్‌పాంగ్ బల్లలు కలిపి వాటి మీద ఇంటినుంచి తెచ్చిన తూర్పు ద్వారం పరిచి, లైటు కిందికి లాక్కుని కళ్ళజోడు పెట్టుకుంది.

ఈ మూడు రోజులూ మరకల్నే చూసింది. ఇప్పుడు మరకలు ఎక్కడ ఆగాయో చూసింది.

సుగుణావతి టీచర్ ముక్క అంచున ఒక పెద్ద చుక్క ఉంది. సగమే ఉంది. మిగతా సగం కుట్టు అవతల కేరొల్ దుప్పటి మీద ఉండాలి. లేదు. దుప్పటి పాలలాగా తెల్లగా ఉంది. హైమ చిన్న కత్తెర తీసి తన కుట్టు తానే నాలుగంగుళాలు విప్పింది. మిగతా సగం చుక్క టీచర్ చీర మడతలో, కత్తిరించిన అంచుదాకా ఉంది. దుప్పటి మడతలో ఏమీ లేదు.

అంటే కలిపి కుట్టకముందే పడింది. ఏ ముక్కకు ఆ ముక్క, విడివిడిగా ఉన్నప్పుడు. ఉష వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉన్న ఆరు వారాల్లో. పలచగా కలిపిన నీళ్ళు, ఆరాక కనీకనపడని పచ్చదనం. పాతచీరలు గదా, కాస్త రంగు తిరిగాయనుకుని తనే సూది గుచ్చింది. ఇవే దక్షిణం వైపు పసుపు చీరల్లో కలిసి ఉంటే ఈ జన్మకు ఎవరికీ తెలిసేది కాదు.

ఇంకొకరు చేసి ఉండొచ్చా? ప్రణీత తల్లి చీర మీద ప్రణీతే చల్లుకుంటుందా? ఉష వాళ్ళింటికి ఎవరైనా వచ్చారా? హైమ ఒక్కో దారీ వెతికింది. ఒక్కో దారీ తిరిగి తిరిగి ఉష వాళ్ళ బేస్‌మెంట్ మెట్ల దగ్గరికే వచ్చింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. విప్పిన కుట్టు మీద గభాలున స్కార్ఫ్ కప్పింది.

"అప్పుడే వచ్చేశావా!" ఉష రెండు చేతులా అల్యూమినియం ట్రేలు పట్టుకుని దిగింది. "పులిహోర చేశాను. మీటింగంటే మనవాళ్ళకి ముందు ప్లేటు కనపడాలి కదా. ఇదిగో, ఇది కూడా తెచ్చాను." సంచిలోంచి కొత్త తెల్లగుడ్డ తాను తీసి బల్ల మీద పెట్టింది. "నాలుగు గజాలు. మంచి కాటన్. ఆ పదకొండూ తీసేసి ఇది వేసేస్తే రేపటికి ప్రాబ్లమ్ సాల్వ్."

"ఇంకా తీసెయ్యాలని ఎవరూ అనలేదు గదే."

"అనకేం చేస్తారు? చూడు ఎలా ఉందో. ఆ ఆర్ట్ సెంటర్ వాళ్ళు చూస్తే మన పరువేం కాను?"

"ప్రణీత వాళ్ళమ్మ ముక్క ఉంది దాంట్లో."

"పాపం. నాకూ బాధే హైమా. కానీ సెంటిమెంట్ వేరు, క్వాలిటీ వేరు."

హైమ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తలవంచుకుంది. దారం ఎక్కడంలేదు. "నీ దగ్గరున్నప్పుడు వీటి మీద ఏమన్నా పడిందా?" అంది, వాతావరణం అడిగినట్టు.

"నా దగ్గరా? ఏం పడుతుంది? ఇస్త్రీ చేసి డబ్బాల్లో పెట్టాను. పిల్లల్ని కూడా కిందికి రానివ్వలేదు."

"ఏమీ పడలేదా?"

"ఏమీ పడలేదంటున్నాను కదా! నువ్వు సోడాలో నానబెట్టావు, అది చూసుకో ముందు." ఉష నవ్వింది. నవ్వుతూనే పులిహోర ట్రే మీది రేకు సర్దింది. సర్దిన రేకునే మళ్ళీ సర్దింది. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజం తడుముకున్నట్టు ఉంది ఆ చెయ్యి.

హైమకు ఒక్క క్షణం నిమ్మకాయ పారేసి పులిహోర తిని ఇంటికి పోవాలనిపించింది. ఫ్లాస్కు, మంచు, మిరియాల వాసన గుర్తొచ్చాయి. ఏం పోయింది? రంగు కారిందంటారు, తీసేస్తారు, కొత్తగుడ్డ వేస్తారు. మండలం గోడకెక్కుతుంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అననక్కర్లేదు.

పదకొండుకు జనం దిగారు. డజను మంది పైనే. చక్రపాణి గుండె డాక్టరుగా రిటైరైనా, ఎవరితో మాట్లాడినా ఆపరేషన్‌కు సంతకం పెట్టించుకుంటున్నట్టే మాట్లాడతాడు. ప్రణీత అందరికన్నా చివర వచ్చి, స్వెటర్ విప్పకుండానే బల్ల చివర నిలబడింది. ముప్పై ఏళ్ళుండవు. పదకొండో ఏట తల్లి వెంట గుంటూరు జిల్లానుంచి వచ్చిన పిల్ల. హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం. పులిహోర పెడుతుంటే వద్దని చెయ్యి ఊపింది.

"అమ్మా ప్రణీతా, ఇది ఎవరి తప్పూ కాదు," మొదలుపెట్టాడు చక్రపాణి. "కొన్ని బట్టలు కలర్‌ఫాస్ట్ కావు. ఆ పదకొండూ రిమూవ్ చేసి, నువ్వు కోరితే మీవాళ్ళ పేర్లు కింద బోర్డు మీద రాయిద్దాం. ఏమంటావ్?"

"అంకుల్, తెల్లచీర ఎర్రరంగు ఎలా వదుల్తుంది?"

"అంచుల్లో డై ఉంటుందిగా."

"మా అమ్మ చీర అంచు బ్లూ."

ఎవరో గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, సైన్స్ డిస్కషన్ వద్దు. టైమ్ లేదు. పది రోజులు."

ప్రణీత బల్ల మీదికి వంగి తల్లి ముక్క మీద అరచెయ్యి పెట్టింది. "సరే. తీసేస్తామంటే తీసేయండి. కానీ కత్తిరించొద్దు. కుట్టు విప్పి ఇవ్వండి. నా దగ్గర అమ్మది వేరే చీర లేదు. మిగతావన్నీ తనతోనే పంపించేశాం. గుర్తుగా ఈ ఒక్కటే ఆపాను." గొంతు వణకలేదు. అదే వినడానికి కష్టంగా ఉంది.

"నేను విప్పుతాలేమ్మా, జాగ్రత్తగా," అని ఉష కత్తెర అందుకుంది.

"ఉషా, ఆగు," అంది హైమ.

అందరూ తిరిగారు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నిమ్మకాయ తీసింది. వెనక కుర్చీలో వాసుదేవరావు, "అయ్యో, మళ్ళీనా," అనుకోవడం స్పష్టంగా వినిపించింది. హైమ కాయను రెండుగా కోసి, ప్రణీత కళ్ళలోకి చూసి, "ఒక్క చుక్క అమ్మా. పాడవదు. నామీద నమ్మకముంచు," అంది. ప్రణీత చెయ్యి పక్కకు తీసింది.

పిండింది. ఎర్రచుక్క అంచులనుంచి కరుగుతూ లేతపచ్చగా మారింది. పక్కచుక్క మీద పిండింది. అదీ మారింది. మూడోది.

మొదట ఎవరికీ అర్థంకాలేదు. తర్వాత ఆడవాళ్ళకు అర్థమైంది. ఒకావిడ, "పసుపు!" అంది, తెలిసినవాళ్ళ బిడ్డను గుర్తుపట్టినట్టు. ఇంకో ఆవిడ, "పసుపేగా, రంగు కారలేదన్నమాట! ఎండలో రెండు రోజులు వేస్తే ఇట్టే పోతుంది. తీసెయ్యడం ఎందుకు?" అంది. హాలు ఒక్కసారిగా తేలికైంది. చక్రపాణి కూడా నవ్వబోయాడు.

"తీసెయ్యక్కర్లేదు," అంది హైమ. "అది అయిపోయింది. కానీ ఇంకోటుంది. ఈ పసుపు సూది పెట్టకముందు పడింది." స్కార్ఫ్ తీసి విప్పిన మడత చూపించింది. "ముక్క ముక్కకూ విడిగా, ఆకుతో చల్లింది. నాకు తెలుసు. మా నాయనమ్మ చల్లుతుంటే చెంబు పట్టుకున్నదాన్ని."

వచ్చిన నవ్వు వచ్చిన దారినే పోయింది. కొందరి కళ్ళు లిస్టున్న ఫైలు మీదికి, అక్కడినుంచి ఉష మీదికి పోయాయి. ప్రణీత మాత్రం ఎవరి వంకా చూడలేదు. పరీక్షనాళికను వెలుతుర్లో పెట్టి చూసినట్టు ఆ పచ్చచుక్కనే చూస్తూ ఉంది.

ఉష కత్తెర బల్ల మీద పెట్టింది. "ఏవిటి అందరూ అలా చూస్తారు? అవును, నేనే చల్లాను. ఏం, పసుపు విషమా? శుభమా అని ఒక పని మొదలెడుతూ నాలుగు చుక్కలు పసుపునీళ్ళు చల్లితే కోర్టు పెడతారా?"

"ఇందాక ఏమీ పడలేదన్నావు," అంది హైమ.

"పడలేదు. చల్లాను. ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని."

"నేను అడిగాను."

"నువ్వు అడిగిన తీరు అడిగినట్టుందా? దొంగను పట్టినట్టుంది!" ఉష కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముప్పై ఏళ్ళ తర్వాత ఇదా హైమా నాకు మర్యాద?"

 హైమ చేతిలో నిమ్మచెక్క నలుగుతూ ఉంది.

చక్రపాణి రెండు చేతులూ ఎత్తాడు. "ఓకే, ఓకే. ఇట్స్ ఎ మిస్‌అండర్‌స్టాండింగ్. ఉషగారు మంచికోసమే చేశారు. మనందరి ఇళ్ళలో ఉన్న ఆచారమే. ముక్కలు ఉంటాయి, ఎవరికీ నష్టం లేదు. లెట్ అజ్ ఈట్."

ఒకరిద్దరు ప్లేట్ల వైపు కదిలారు కూడా. ఆ మాట పట్టుకుని ఉషకు ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ప్రణీత భుజం మీద చెయ్యి వేసింది.

"చూడు ప్రణీతా, నువ్వు నా కూతురులాంటిదానివి. వేరే అర్థం తియ్యకు. ఎక్కడెక్కడినుంచో వస్తాయి బట్టలు. ఎవరు కట్టారో, ఎలా ఉంచారో మనకేం తెలుసు? శుభ్రం కోసం చల్లాను, అంతే. నాకు మనుషుల్లో తేడా లేదు. ఎవరి ఇంటి గుడ్డైనా సరే, శుభ్రమో కాదో తెలియనప్పుడు నేను చేసేది అదే."

ప్రణీత భుజం మీది చెయ్యిని మెల్లగా తీసి, బల్ల మీద పెట్టింది. తల్లి చీర పక్కన పాలలాగా మెరుస్తున్న ముక్క మీద వేలు ఆనించింది.

"ఇది కేరొల్ గారి దుప్పటి. మూడేళ్ళు కుక్క పడుకుంది. దీనికెందుకు చల్లలేదాంటీ?"